ఓబో, విషాదం, ఆరు సెకన్లు

ఆన్ ఆర్బర్,
సెప్టెంబరు 9, 2023

అత్తా,

ఫోనులో అయితే మాట మధ్యలో నరికేస్తానని, ఉత్తరమే రాయాలని నువ్వు పెట్టిన షరతుకు లోబడుతున్నాను. నీ ఈమెయిలు కూడా మీ సింఫనీ కార్యాలయానిదే కనుక, మీ అధ్యక్షుడు వెన్‌డెల్‌కు నా గద్యం ఉచితంగా చదివే భాగ్యం కలిగించడం నాకూ ఇష్టం లేదు.

నిన్న లా కాలేజీ గ్రంథాలయంలో ఆయన ప్రకటన చదివాను. మీ హార్బర్టన్ సింఫనీ వాద్యబృందం ముప్పై ఒక్క ఏళ్ళుగా దాచుకున్న కచేరీల టేపులన్నీ కాలిఫోర్నియా కంపెనీ ఒకదానికి అప్పగిస్తారట. కచేరీలుగా కాదు, ముక్కలుగా. సినిమాలు, ప్రకటనలు తీసేవాళ్ళు వాద్యం పేరు, భావం పేరు నొక్కితే ఒక ముక్క ఊడిపడుతుంది. మిగిలినదంతా కంప్యూటరుకు మేత, మనిషి లేకుండా వాయించడం దానికి నేర్పడానికి. నమూనాగా ఒక పట్టిక కూడా పెట్టారు. అందులో నాలుగో వరుస: "ఓబో, విషాదం, ఆరు సెకన్లు." ఈ ముప్పై ఒక్క ఏళ్ళూ మీ బృందంలో మొదటి ఓబో కుర్చీ నీది, ఆ నల్ల సన్నాయి ఊదేది నువ్వే. కనుక ఆ విషాదం నీదే. దాని కిందనే "ఇలాంటివి మరికొన్ని" అని ఉంది. కిరాణా కొట్టులో పప్పుల పక్కన పప్పులు పేర్చే బుద్ధి కూడా ఇంతకంటే సున్నితంగా ఉంటుంది.

"నిద్రపోతున్న కంటెంటును మేల్కొలుపుతున్నాం" అని వెన్‌డెల్ ఉవాచ. మనుషులు ఊపిరి బిగబట్టి చేసిన పనిని కంటెంటు అనేవాడు భోజనాన్ని ఏమంటాడో తెలుసుకోవాలని ఉంది.

న్యాయం సంగతికి వద్దాం. మీ ఒప్పందం ప్రకారం ఆ టేపులు మీరు విని నేర్చుకోవడానికే. అవి మీ కచేరీ మందిరం గడప దాటాలంటే వాయించినవాళ్ళు రహస్య ఓటు వెయ్యాలి. ఓటు జరగలేదు. వెన్‌డెల్ మాత్రం 2020లో మీ తరఫున ఎవరో సంతకం చేసిన అనుబంధ పత్రం తన దగ్గర ఉందంటున్నాడు. ఎవరా మహానుభావుడు? నాకు పేరు కావాలి. విద్యార్థుల న్యాయ పత్రికకు వ్యాసం రాస్తున్నాను, అక్టోబరు చివర మా కాలేజీ వాదసభ పోటీలోనూ ఇదే విషయం. వెన్‌డెల్ లాంటివాణ్ణి ఓడించడం గొప్ప కాదు. వాడికి తలుపు తీసినవాణ్ణి బయటికి లాగాలి.

నీ మేనకోడలు,
థియా


హార్బర్టన్,
సెప్టెంబరు 17

కోడలుపిల్లా,

నీ ఉత్తరం అందింది. కవరు కూడా కోపంగానే ఉంది, తపాలా బిళ్ళ వంకరగా అతికించావు.

మొన్న మంగళవారం వెన్‌డెల్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించాడు. ఈయన ఇదివరకు పొద్దుటి పూట పాలల్లో వేసుకు తినే మొక్కజొన్న అటుకులు అమ్మే కంపెనీలో ఉండేవాడు. ఆ అటుకుల డబ్బా మీది నవ్వునే ముఖానికి తగిలించుకుని మా దగ్గరికి వచ్చాడు. "మీరు ఒక్కసారి వాయిస్తే చాలు, అది ఎప్పటికీ వాయిస్తూనే ఉంటుంది" అన్నాడు.

మా వాద్యకారుల కమిటీకి ఇప్పుడు పెద్ద ఓటిస్. నా వెనక వరుసలో బసూన్ వాయిస్తాడు, ఇరవై ఏళ్ళుగా నా మెడ మీద అతని ఊపిరి తగులుతూనే ఉంది. అతను చెయ్యెత్తాడు.

"మంచిది బాబూ. మరి నా నడుం నొప్పి కూడా అదే పడుతుందా?"

"ఓటిస్, మీరు పాతకాలం మనిషి."

"నా బసూన్ నాకంటే పాతదయ్యా. ఇంతవరకూ పాస్‌వర్డు అడగలేదు."

అందరూ నవ్వారు. వెన్‌డెల్ కూడా నవ్వాడు. తనను తిడుతున్నారని తెలియడానికి అతనికి మామూలుగా రెండు రోజులు పడుతుంది.

ఆ టేపుల సంగతి నీకు తెలియాలి. వేదిక మీద కప్పు నుంచి రెండు మైకులు వేలాడుతుంటాయి. ప్రతి కచేరీనీ, మేము శ్రుతి చేసుకోవడం దగ్గర నుంచి చివరి చప్పట్ల దాకా, అవి మింగుతాయి. అందులో దగ్గులుంటాయి, జారిన స్వరాలుంటాయి. ఒకసారి నిదానమైన రాగం మధ్యలో నా ఓబో మూతిలోని రెల్లు పీక చీలిపోయి బాతు అరిచినట్టు అరిచింది, అదీ ఉంది. ఎవరూ వినరన్న ధైర్యంతోనే మేము సాహసం చేస్తాం. ఇంటి బట్టల్లో ఉన్న మనిషిని కిటికీలోంచి ఫోటో తీసి అమ్మడం లాంటిదే ఇది.

సంతకం అప్పటి కమిటీ చేసింది. పేర్లతో నీకేం పని? వాదించాల్సింది వెన్‌డెల్‌తో, అతనితోనే వాదించు. నీకు ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. అక్కడ చలి నీ వాదాలకు కరగదు.

అత్త


ఆన్ ఆర్బర్,
అక్టోబరు 8

అత్తా,

మేజోళ్ళు సరిపోయాయి. నీ జవాబు సరిపోలేదు.

న్యాయం చదివేదాన్ని, ఒకసారి చూసిపెడతానని ఓటిస్‌గారిని నేనే అడిగి ఆ అనుబంధ పత్రం నకలు తెప్పించుకున్నాను. చివరి పేజీ లేదు, సంతకం అందులోనే ఉంటుంది. ఆయన కూడా నీలాగే, "పేరెందుకులే అమ్మాయ్" అని ఒక ముక్క రాసి ఊరుకున్నాడు. మీ బృందంలో అందరికీ ఒకేసారి దయ పుట్టుకొచ్చింది.

చదివాను. మందిరం మూతపడిన రోజుల్లో కచేరీల చందాదారులు మిమ్మల్ని మరిచిపోకుండా పాత టేపులను సంస్థ తనకు తోచిన పద్ధతిలో బయటికి ఇచ్చుకోవచ్చు, ఓటు అక్కర్లేదు. అంతవరకూ అటుకుల మనిషి భాష. ఆ అనుమతి ఎప్పటితో ముగుస్తుంది? తేదీ లేదు. నెల లేదు. సంవత్సరం లేదు. అంచున చేతిరాతతో, పెద్ద అక్షరాల్లో, బడిపిల్ల పలక మీద రాసినట్టు ఒక వాక్యం ఉంది: "మా మందిరంలోని అన్ని అంతస్తుల్లోనూ ప్రేక్షకులు కూర్చుని విన్న మొదటి కచేరీ నాటికి ఈ అనుమతి ముగుస్తుంది."

ఇది ఒప్పందమా, ప్రేమలేఖా? ఒక తేదీ రాయడానికి ఏం ఖర్చవుతుంది? మీ పై అంతస్తుకు ఆనాటి నుంచి ఈనాటి దాకా ఎర్రతాడు కట్టి ఉందని, "మరమ్మతులు" అని అట్ట వేలాడుతోందని ఓటిస్‌గారు రాశారు. వెన్‌డెల్ ఆ తాడు విప్పనంత కాలం ఆ అనుమతికి చావు లేదు. మూడేళ్ళుగా ఒక మనిషి మరమ్మతులు చేయకుండా మరమ్మతుల అట్ట మీద బతుకుతున్నాడు. వాడిలో కనీసం తెలివి ఉంది. వాడి చేతికి ఆ తాడు అందించినవాళ్ళను ఏమనాలి? ఎనభై మంది బతుకును ఒక ముద్దుమాటకు రాసిచ్చినవాళ్ళు ద్రోహి అన్న మాటకు కూడా తగరు, దానికి కాస్తయినా ఆలోచన ఉండాలి. నా వ్యాసంలో ఆ వ్యక్తికి "బడిపిల్ల" అని పేరు పెట్టాను. అసలు పేరు నువ్వు చెబితే అదే వేస్తాను.

థియా


హార్బర్టన్,
అక్టోబరు 16

థియా,

ఈ వారం కొత్త పీకలు చెక్కుతున్నాను. పది రెల్లు ముక్కలు చెక్కితే రెండు పలుకుతాయి. మిగతా ఎనిమిదింటినీ పారేసేటప్పుడు నేను వాటికి పేర్లు పెట్టను.

నీ వ్యాసం ఆపమని అడుగుతున్నాను. ఆజ్ఞ కాదు. అయితే ఒక సంగతి విను.

మా ఓటు ఎలా జరుగుతుందో నీకు తెలియదు. వెన్నబిస్కెట్ల పాత నీలం డబ్బా ఒకటుంది. వేదిక మీద అందరం మా మా కుర్చీల్లో కూర్చుంటాం, మడిచిన కాగితాలు డబ్బాలో పడతాయి, అందరి ముందూ లెక్కిస్తారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా మేము ఏదీ తేల్చుకోలేదు. 2020 ఏప్రిల్‌లో ఆ డబ్బా తాళం వేసిన మందిరంలో ఉంది. మా సెల్లో వాద్యకారులిద్దరు ఆస్పత్రిలో ఉన్నారు. మూడు రోజుల్లో సంతకం రాకపోతే ఆ ఏటి కచేరీలన్నీ రద్దుచేసి బృందాన్ని మూసేస్తామని వెన్‌డెల్ కాగితం పంపాడు. అతని కాగితంలో ముగింపు అన్నదే లేదు. ఆ అంచున ఉన్న వాక్యం అతను రాసింది కాదు.

ఇంట్లో ఒక్కరే కూర్చుని, ఎవరినీ అడిగే వీలు లేక, ఆ మనిషి ఆ ఒక్క వాక్యం రాసి సంతకం చేశారు. తెలివితక్కువ పనే కావచ్చు. నువ్వు ఆ బల్ల దగ్గర లేవు.

వాదసభలో కాస్త నెమ్మదిగా మాట్లాడు. నువ్వు తొందరపడితే మాటల చివరలు మింగేస్తావు, మీ నాన్న కూడా అంతే.

అత్త


ఆన్ ఆర్బర్,
నవంబరు 5

అత్తా,

గెలిచాను. ఏడుగురు న్యాయనిర్ణేతల్లో ఆరుగురు నా వైపు. వెన్‌డెల్ పట్టికలోని "ఓబో, విషాదం" ముక్కను సభలో వినిపించి, వెంటనే "ఇలాంటివి మరికొన్ని" నొక్కాను. వరసగా పదకొండు విషాదాలు. హాలంతా పగలబడి నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఆగి, "ఇదీ వీళ్ళు అమ్ముతున్న సరుకు" అన్నాను. ఆ తరువాత ఎదుటి పక్షానికి మిగిలిందేమీ లేదు.

నువ్వు ఆపమన్నావని తెలిసీ వ్యాసం అచ్చుకిచ్చాను. మౌనం వల్ల బాగుపడిన హక్కు నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. "బడిపిల్ల సంతకం" అని శీర్షిక. ప్రతి జతచేస్తున్నాను. మూడో పేరా చూడు, నీకు నవ్వొస్తుంది.

థియా


హార్బర్టన్,
నవంబరు 13

థియా,

నీ వ్యాసం జతచేయనక్కర్లేకపోయింది. శుక్రవారం పొద్దున రిహార్సలుకు వెళ్ళేసరికి మా నోటీసు బోర్డు మీద ఉంది. వెన్‌డెల్ దాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేయించి, పక్కనే నీకు దొరకని ఆ చివరి పేజీ అంటించాడు. మీలో ఒకరి ఇంటి పిల్లే మీ గురించి ఏమనుకుంటోందో చూడండి అన్నట్టు. తన జీవితంలో అతను చేసిన మొదటి కళాత్మకమైన పని ఇదే.

సంతకం నాది. అప్పుడు కమిటీ పెద్దను నేనే.

వాక్యం కూడా నాదే. నువ్వు అడిగావు గనుక తేదీ ఎందుకు రాయలేదో చెబుతాను. ఏ తేదీ రాయాలి? శవాలు లెక్కపెడుతున్న నెలలో తేదీ ఎవరికి తెలుసు? నాకు తెలిసింది ఒక్కటే. మందిరం కింద మాత్రమే నిండితే నా స్వరం వెళ్ళి పై అంతస్తు ఖాళీ చెక్కలకు కొట్టుకుని గట్టిగా తిరిగొస్తుంది. పైన మనుషులుంటే తిరిగి రాదు, వాళ్ళు ఉంచేసుకుంటారు. ఆ శబ్దం విన్ననాడు మళ్ళీ మామూలు రోజులు వచ్చాయని అర్థం. ముప్పై ఏళ్ళు అదే నా క్యాలెండరు. ఒక తాడుతో నా క్యాలెండరును కట్టేయవచ్చని నాకు తోచలేదు. ఎవరికి తోస్తుంది? అటుకులు అమ్మినవాడికి తోచింది.

రిహార్సలు మొదలైంది. శ్రుతి ఇవ్వడానికి ఓబో ఎత్తినప్పుడు వెనక నుంచి ఓటిస్ మెల్లిగా, "కానివ్వు బడిపిల్లా" అన్నాడు. ఇచ్చాను.

ఇంకొకటి, ఇదీ నీకు చెప్పకూడదనే అనుకున్నాను. ఆ ఆరు సెకన్లు ఏ కచేరీవో నేను వినగానే గుర్తుపట్టాను. మీ నాన్నను ఖననం చేసిన మంగళవారం తరువాత వచ్చిన శనివారం. నేను మానేస్తే ఆ భాగం వాయించేవాళ్ళు లేరు, వెళ్ళాను. ఆ రాగం నడుమ ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకోలేకపోయాను, అందుకే స్వరం అలా సన్నబడింది. నీ సభ నవ్వినది దానికే.

నీకు చెప్పకుండా దాచినదాన్ని నేను. నవ్వినవాళ్ళ తప్పు లేదు.

వాండా గుర్స్కీ


ఆన్ ఆర్బర్,
నవంబరు 18

అత్తా,

"వాండా గుర్స్కీ" అని పూర్తి పేరు రాశావు. దాన్నే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. శిక్ష విధించడంలో నీకు నాకంటే ఎక్కువ ప్రతిభ ఉంది.

నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ప్రతిదీ మొదటి పేరా దాటగానే వాదనలా తయారవుతోంది. నన్ను నేను సమర్థించుకోవడానికి నాకు పదహారు మార్గాలు తెలుసని తేలింది, ఒక్కటీ పనికిరాదని కూడా. నువ్వు ఆపమన్నావు. నేను ఆపలేదు. నా తండ్రి చావును నాలుగువందల మందికి నవ్వులాటగా వినిపించి చప్పట్లు కొట్టించుకున్నాను. అమ్మేవాడు కనీసం అది ఎవరి విషాదమో పట్టించుకోనివాడు. పట్టించుకోవాల్సినదాన్ని నేను.

పత్రికకు సవరణ పంపాను. శీర్షికలో బడిపిల్ల తానేనని రచయిత్రి తెలుసుకుందని రాశాను. వేస్తారు, సంపాదకుడు నేనంటే భయపడతాడు.

అయితే అత్తా, నేను వెటకారం చేసిన వాక్యాన్ని నిన్న మొదటిసారి చదివాను. ఇంతకుముందు దానిలో లేనిదాన్ని మాత్రమే చదివాను. "అన్ని అంతస్తుల్లోనూ ప్రేక్షకులు కూర్చుని విన్న మొదటి కచేరీ." యాజమాన్యం తెరిచిన అంతస్తు అనలేదు. టికెట్లు అమ్మిన అంతస్తు అనలేదు. మరమ్మతులు పూర్తయిన అని కూడా అనలేదు. కూర్చుని విన్న, అంతే. ఎవరు కూర్చోబెట్టాలో నీ వాక్యం చెప్పదు. తేదీ రాసి ఉంటే వెన్‌డెల్ ఆ తేదీని ఏదో ఒక పేరుతో పొడిగించుకునేవాడు. నీ వాక్యం పక్కన తన పొట్టి సంతకం పెట్టాడు కూడా, చదవకుండా.

కంపెనీకి టేపులు చేరవేసే గడువు జనవరి ఒకటి అని ప్రకటనలో ఉంది. అవి ఒకసారి వెళ్ళిపోతే ఏ న్యాయస్థానమూ కంప్యూటరు కడుపులోంచి వెనక్కి తీయలేదు. ఆ పై అంతస్తుకు నిజంగా ఏదైనా జబ్బుందా? ఎవరైనా ఎక్కి చూశారా?

ఏం చేయమనీ చెప్పడం లేదు. చెప్పే హక్కు నా దగ్గర ప్రస్తుతం లేదు.

నీ,
థియా


హార్బర్టన్,
డిసెంబరు 11

కోడలుపిల్లా,

నీ ఉత్తరం వచ్చిన రోజే ఓటిస్ పై అంతస్తు ఎక్కాడు. దిగివచ్చి, "నాలుగువందల కుర్చీలు, ఒక రంగు డబ్బా, దాని మూత ఇంతవరకూ తీయలేదు" అన్నాడు. గోడ మీద అగ్నిమాపక శాఖవాళ్ళ తనిఖీ చీటీ ఉంది. మూడేళ్ళుగా ఏటేటా వచ్చి, అంతా భద్రమని ముద్రవేసి పోతున్నారు. వెన్‌డెల్ దానికి రుసుము కూడా కడుతున్నాడు. తన అబద్ధానికి తానే యోగ్యతాపత్రం కొనుక్కునే మనిషి.

నిన్న ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల కచేరీ. కింద కిక్కిరిసి ఉంది, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. దీపాలు తగ్గాయి. మొదటి వయొలిన్ వాయించే మా నాయకుడు లేచి నిలబడి, శ్రుతి కోసం నా వైపు తలూపాడు. నేను ఓబోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మళ్ళీ తలూపాడు. నేను కూర్చున్నాను.

నీకు తెలుసుగా, ఓబో స్వరం ఇవ్వనిదే ఎనభై రెండు మందిలో ఒక్కరూ మొదలుపెట్టలేరు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ అధికారాన్ని నేను వాడుకోవడం ఇదే మొదటిసారి. పక్క తెర చాటు నుంచి వెన్‌డెల్ గొంతు తగ్గించి పిలిచాడు.

"వాండా, ఏం చేస్తున్నారు?"

"శ్రుతి కోసం చూస్తున్నాను."

"అది ఇవ్వాల్సింది మీరే కదా."

"అవును. అందుకే ఎంతసేపైనా చూడగలను."

అప్పుడు లేచాను. కుర్చీలోంచి లేచి ప్రేక్షకులతో మాట్లాడటం మాలో ఎవరూ చెయ్యరు. "వెనక నిలబడ్డవాళ్ళు, స్తంభాల చాటున కూర్చున్నవాళ్ళు వినండి" అన్నాను. "పై అంతస్తులో నాలుగువందల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ మందిరంలో అన్నిటికంటే బాగా వినిపించేది అక్కడే. అది భద్రమని గోడ మీద చీటీ ఉంది. వెళ్ళి కూర్చోండి. తొందరేం లేదు, నేను ఆగుతాను."

తలుపు దగ్గర టికెట్లు చూసే డెబ్బై ఏళ్ళ స్వచ్ఛంద సేవకురాలు తన కళ్ళజోడు సర్దుకుని, "ఈ తాడు నా కాలికి అడ్డం పడి మూడేళ్ళయింది" అంటూ కొక్కెం విప్పేసింది. వెన్‌డెల్ ఆమె వైపు వెళ్ళబోయాడు. ఆమె ఆ తాడు చుట్టచుట్టి ఆయన చేతికే ఇచ్చింది, కోటు అందుకునే నౌకరుకు ఇచ్చినట్టు. మందిరం నిండా ఉన్న జనం ముందు ఆయన దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆ మనిషికి ఇంతకంటే సరిపోయిన ఉద్యోగం నేను చూడలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఎవరో ముసలాయన పైనుంచి దగ్గి, "ఇక్కడ బాగుందమ్మా, కానివ్వండి" అన్నాడు.

ఓబో ఎత్తి స్వరం ఇచ్చాను. తిరిగి రాలేదు. పైవాళ్ళు ఉంచేసుకున్నారు.

అత్త


ఆన్ ఆర్బర్,
డిసెంబరు 16

అత్తా,

చాలాసార్లు చదివాను. ఏమీ వాదించను.

ఒక్కటే. పైన ఎవరూ కూర్చోలేదని, కొందరు మెట్లెక్కి దిగిపోయారని వెన్‌డెల్ న్యాయవాది ఓటిస్‌గారికి రాశాడట. ఒప్పందం తగాదాలు తేల్చే మధ్యవర్తి ముందుకు సాక్ష్యం కావాలి. మీ శ్రుతి దగ్గర నుంచి చప్పట్ల దాకా అన్నిటినీ మింగే ఆ రెండు మైకులు ఆ మధ్యాహ్నం కూడా పనిచేస్తున్నాయి కదా? తాడు, అడుగులు, ఆ ముసలాయన, అన్నీ వెన్‌డెల్ సొంత టేపులోనే ఉన్నాయి. అది నాకు చాలు.

థియా


హార్బర్టన్,
జనవరి 8, 2024

కోడలుపిల్లా,

నీకు చాలు. మాకు చాలదు. ఆ టేపు గడప దాటాలంటే మా ఓటు కావాలి. అనుమతి ముగిసిందని మేమే అంటూ మేమే ఓటు లేకుండా టేపు బయటికి పంపితే, వెన్‌డెల్‌కూ మాకూ తేడా మొక్కజొన్న అటుకులొక్కటే.

డిసెంబరు ఇరవయ్యో తేదీన వేదిక మీద, అందరం మా మా కుర్చీల్లో కూర్చున్నాం. నీలం డబ్బా దుమ్ము తుడిచారు. "లోపల బిస్కెట్ ముక్క ఒకటుంది, దానికి కూడా ఓటుందా?" అని ఓటిస్ అడిగాడు. నాలుగేళ్ళ తరువాత మేము వేసిన మొదటి ఓటు. అందరి ముందూ లెక్కించారు.

మధ్యవర్తి ఆ టేపు రెండుసార్లు విన్నాడట. అనుమతి ఆ ఆదివారం మధ్యాహ్నంతో ముగిసిందని రాసిచ్చాడు, గడువుకు రెండు రోజుల ముందు. ఒక్క టేపు కూడా వెళ్ళలేదు. నమూనా పట్టికలో నాలుగో వరుస దగ్గర ఇప్పుడు "లభ్యం కాదు" అని ఉందని ఓటిస్ చూసి చెప్పాడు. వెన్‌డెల్ నాకు క్రమశిక్షణ నోటీసు పంపాడు. దాన్ని నీ వ్యాసం పక్కనే అంటించాం. సవరణ కూడా పంపు, బోర్డు మీద ఇంకా చోటుంది.

ఓట్ల సంగతి అడుగుతావు. ఎనభై ఒకటి "సరే", ఒకటి "వద్దు". అది ఎవరిదని అడగకు, రహస్య ఓటు. నేను చెప్పగలిగింది ఇంతే. ఆ టేపులో శ్రుతి స్వరం మొదట్లో కొద్దిగా వణికింది. అది బయటివాళ్ళు వినడం నాకు ఇష్టం లేదు.

అత్త